జపనీస్ నేర్పే మన టీచర్లకి ట్రైనింగ్, సపోర్ట్ ఎక్కడ దొరుకుతుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

#1 తూరుపుగాలి (వైజాగ్)

అందరికీ నమస్తే అండి. జేఎల్‌పీటీ అనే జపనీస్ పరీక్షలో ఎన్2 (ఎన్5 అన్నిటికన్నా కింది మెట్టు, ఎన్1 పై మెట్టు) పాసయ్యాక ఇక్కడే ఒక కోచింగ్ సెంటర్లో సాయంత్రం పూట జపనీస్ చెప్తున్నాను. ఇన్నాళ్లూ ఇంజనీరింగ్ పిల్లలు, సరదాగా నేర్చుకునేవాళ్లు వచ్చేవారు, వాళ్లతో పెద్ద ఇబ్బంది లేదు. ఈమధ్య నర్సింగ్ చదివిన అమ్మాయిల బ్యాచ్ ఒకటి నాకు అప్పజెప్పారు. అందరూ కేర్‌గివర్ ఉద్యోగానికి జపాన్ వెళ్లాల్సినవాళ్లు, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్నించి వచ్చి హాస్టల్లో ఉంటున్నారు, ఇంట్లో అప్పు చేసి ఫీజు కట్టినవాళ్లే ఎక్కువ. ఆర్నెల్లలో ఎన్4 స్థాయికి తీసుకురావాలంట.

అక్షరాలు, గ్రామర్, కాంజీ (చైనా లిపి అక్షరాలు) అన్నీ చెప్పగలను. కానీ క్లాసు ఎలా నడపాలి, పిల్లల చేత మాట్లాడించడం ఎలా, వెనకబడ్డవాళ్లని ఎలా అందుకోవాలి, పరీక్ష పేపరు ఎలా తయారుచెయ్యాలి, ఇవి నాకు ఎవరూ నేర్పలేదండి. మా సెంటర్లో మిగతావాళ్లదీ ఇదే పరిస్థితి, పరీక్ష పాసయ్యారు కాబట్టి టీచర్లయ్యారు. జపాన్ ప్రభుత్వ సంస్థ జపాన్ ఫౌండేషన్ వాళ్లు లోకల్ టీచర్లకి ట్రైనింగ్ ఇస్తారని విన్నాను. ఎవరైనా వెళ్లొచ్చారా? అందులో ఏం నేర్పుతారు? ఉన్న ఉద్యోగం వదలకుండా కుదురుతుందా? ఆ అమ్మాయిల్ని చూస్తే రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు, దయచేసి తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

#2 నెల్లూరు_నిహొంగో

అడగాల్సిన ప్రశ్న అడిగారండి. జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్ష లేదు, రాసే పరీక్షా లేదు, ఇచ్చిన నాలుగిట్లో ఒకటి గుర్తుపెట్టడమే. ఎన్1 వచ్చినవాళ్లలో కూడా రెండు నిమిషాలు తడబడకుండా మాట్లాడలేనివాళ్లుంటారు, మన దగ్గరేమో ఆ సర్టిఫికెట్టే టీచర్ అర్హత అయి కూర్చుంది. ఈత వచ్చినవాళ్లందరూ ఈత నేర్పలేరు కదా.

నేను చెన్నైలో ఏబీకే-ఏఓటీఎస్ దోసోకాయ్‌లో చదువుకున్నాను, మా నెల్లూరికి అదే దగ్గర. జపాన్‌లో ట్రైనింగ్ తీసుకుని వచ్చినవాళ్లు కలిసి పెట్టుకున్న సంస్థ అది. నాకు చెప్పినావిడ తమిళావిడ, నేనంటూ నాలుగు మాటలు మాట్లాడగలుగుతున్నానంటే ఆవిడ చలవే. క్లాసులో ఆవిడ గొంతు తక్కువ వినపడేది, మా గొంతులు ఎక్కువ వినపడేవి. అప్పట్లో అర్థం కాలేదు గానీ నేను టీచర్నయ్యాక తెలిసొచ్చింది, అది ఊరికే రాదు, నేర్చుకుంటేనే వస్తుంది.

#3 ఢిల్లీ_తెలుగమ్మాయి

తూరుపుగాలి గారూ, నేను ఢిల్లీలో ఆ ట్రైనింగ్ తీసుకున్నాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను.

ముందు నేపథ్యం. 2017 సెప్టెంబర్‌లో అప్పటి ప్రధాని షింజో అబే గాంధీనగర్ వచ్చినప్పుడు రెండు ప్రభుత్వాలూ ఒక మాట అనుకున్నాయి, ఐదేళ్లలో ఇండియాలో 100 ఉన్నత విద్యాసంస్థల్లో జపనీస్ కోర్సులు పెట్టాలి, 1000 మంది జపనీస్ టీచర్లని తయారుచెయ్యాలి అని. దానికోసం 2018 జులైలో ఢిల్లీలో టీచర్ ట్రైనింగ్ సెంటర్ తెరిచారు, జపాన్ ఫౌండేషన్ చేతిమీదుగా నడిచింది. కొత్తగా టీచర్ అవ్వాలనుకునేవాళ్లకి వేరు, ఆల్రెడీ చెప్తున్నవాళ్లకి వేరు. జపాన్ ఫౌండేషన్‌కి ఇండియాలో ఉన్న ఆఫీసు ఒక్క ఢిల్లీదే, లజ్‌పత్ నగర్‌లో, వాళ్లు ఇప్పటికీ టీచర్లకి ట్రైనింగులు పెడుతుంటారు, నోటిఫికేషన్లు వాళ్ల సైట్లో వస్తాయి.

ఇక ఏం నేర్పుతారంటే. మొదటి వారం నించే క్యోఆన్ రాయించారు, అంటే క్లాసు ప్లాను. మనం రాసుకునే నోట్సులాంటిది కాదు అది, గళ్లు గీసి, ఎన్నో నిమిషంలో టీచర్ ఏం అంటుంది, దానికి స్టూడెంట్ ఏం అనాలి, బోర్డు మీద ఆ క్షణంలో ఏం ఉంటుంది, చేతిలో ఏ బొమ్మ ఉంటుంది, అంతా రాయాలి. స్టూడెంట్ ఏం అంటాడో రాసే గడి దగ్గర అందరం ఆగిపోయేవాళ్లం, ఎందుకంటే అప్పటిదాకా ఎవరం దాని గురించి ఆలోచించలేదు. తర్వాత మోగి జుగ్యో, తోటి టీచర్లే స్టూడెంట్లుగా కూర్చుంటారు, మనం క్లాసు చెప్పాలి, వీడియో తీస్తారు. అయిపోయాక ట్రైనర్ తప్పొప్పులు చెప్పరు, ముందు మనల్నే అడుగుతారు, ఈ క్లాసులో స్టూడెంట్ సొంతంగా అన్న వాక్యాలు ఎన్ని? వీడియో వెనక్కి తిప్పి మనమే లెక్కపెట్టుకోవాలి.

తే-ఫారం, అంటే క్రియ చివర 'తే' లేదా 'దే' వచ్చేలా మార్చే రూపం, ఉదాహరణ చెప్తాను. మామూలుగా మన సెంటర్లలో మిన్నా నో నిహొంగో టెక్స్ట్‌బుక్‌లో 14వ పాఠం రాగానే బోర్డు నిండా టేబుల్ గీసి, ఈ అక్షరంతో అయిపోతే ఇలా మారుతుంది, దానితో అయిపోతే అలా మారుతుంది అని గంటసేపు బట్టీ వేయిస్తాం. నాతో ట్రైనింగ్‌లో ఉన్న ఒకావిడ నర్సింగ్ బ్యాచ్ కోసం ఏం చేసిందంటే, ఎక్స్‌రే గది సీను పెట్టింది. "ఇకి ఓ సుత్తే కుదసాయ్", ఊపిరి పీల్చండి, అందరూ పీల్చారు. "తొమెతే కుదసాయ్", ఆపండి. "హయితే కుదసాయ్", వదలండి. తర్వాత మందు కప్పు చూపించి "నోన్దే కుదసాయ్". నాలుగు క్రియలు, నాలుగు రకాల మార్పు, రూలు ఇంకా చెప్పనేలేదు. పది నిమిషాల తర్వాత జంటలుగా ఒకరు నర్సు ఒకరు పేషెంటు, అప్పుడు వాళ్లే అడిగారు మేడం ఇది ఎందుకు ఇలా మారుతోంది అని. అప్పుడు టేబుల్ గీసింది. టేబుల్ అదే, కానీ పిల్లలు దాన్ని చూసే చూపు వేరు.

#4 మానేరు (కరీంనగర్)

అక్కా మస్తు మంచిగ చెప్పిన్రు. కానీ నాదొక మాట. 1000 మంది టీచర్లు అని 2017లనే అన్నరు, మరి కరీంనగర్‌ల, నిజామాబాద్‌ల, కడపల జపనీస్ టీచర్ ఏడున్నడు? ఢిల్లీకి పోయి నెలలకు నెలలు ఉండాల్నంటే కిరాయి ఎవరు కడ్తరు, ఇంట్ల పిల్లల్ని ఎవరు చూస్తరు? ట్రైనింగ్ ఉన్నదనుడు వేరు, అది మనకు అందుడు వేరు.

ఇంకోటి పైసల ముచ్చట. మన దగ్గర టీచర్‌కు గంటకింత అని ఇస్తరు, బ్యాచ్ లేకపోతే ఆ నెల ఏం లేదు. నేను చెప్పిన ఒక సెంటర్‌ల మూడు నెలల జీతం ఆపిన్రు, అడిగితే పిల్లలు ఫీజు కట్టలేదన్నరు. గట్లుంటే ఎంత ట్రైనింగ్ ఇచ్చినా టీచర్ ఎట్ల నిలవడ్తడు?

#5 మోడరేటర్

మానేరు గారు పేరు రాయకుండా చెప్పినందుకు థ్యాంక్స్. మిగతావాళ్లు కూడా కంప్లయింట్లు చెప్పేటప్పుడు సెంటర్ల పేర్లు, మనుషుల పేర్లు పెట్టకండి. చర్చ బాగుంది, కొనసాగించండి.

#6 శ్రీసిటీ_ఇంటర్‌ప్రెటర్

మానేరు బ్రో చెప్పింది నిజం. నేను తిరుపతిలో జపనీస్ చెప్పేవాణ్ణి, ఇప్పుడు శ్రీసిటీలో ఒక కంపెనీలో ఇంటర్‌ప్రెటర్ని. ఇక్కడ ఇసుజు, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలు వచ్చాక ఎన్2 ఉన్నోడికి డిమాండ్ పెరిగిపోయింది, టీచర్‌గా వచ్చేదానికీ ఇక్కడ ఇచ్చేదానికీ పొంతనే లేదు, పీఎఫ్ ఉంది, ఇన్సూరెన్స్ ఉంది. మా అమ్మకి ఆపరేషన్ చేయించాల్సొచ్చింది, ఇంకేం చేస్తాను. కానీ క్లాసు మీద ప్రేమ పోలా, ఆదివారం పూట ఇప్పటికీ ఇద్దరు ముగ్గురికి ఊరికే చెప్తా ఉంటా.

ఇది నా ఒక్కడి కథ కాదన్నా. భాష బాగా వచ్చినోళ్లని కంపెనీలు పట్టుకుపోతాయి, మంచి టీచర్ లేకపోతే రేపు ఆ కంపెనీలకి ఇంటర్‌ప్రెటర్ ఎక్కడినించి వస్తాడు? టీచర్‌కి అయ్యే ఖర్చులో ఆ కంపెనీలు కూడా ఒక చెయ్యి వెయ్యాలని నా గట్టి అభిప్రాయం.

#7 చావోఫ్రయా_తీరం (బ్యాంకాక్)

నేను బ్యాంకాక్‌లో ఉంటానండి, నా భార్య ఇక్కడ స్కూల్లో ఇంగ్లీష్ టీచర్, వాళ్ల స్కూల్లోనే జపనీస్ కూడా ఉంది కాబట్టి ఇక్కడి సంగతి కొంచెం తెలుసు. మీ అందరి బాధకీ ఇక్కడ ఒక జవాబు కనపడుతుంది, అందుకే రాస్తున్నా.

థాయ్‌లాండ్‌లో 1994లో విద్యాశాఖ, జపాన్ ఫౌండేషన్ బ్యాంకాక్ ఆఫీసు కలిసి ఒక పని చేశాయి. హైస్కూళ్లలో ఆల్రెడీ వేరే సబ్జెక్టులు చెప్తున్న పర్మినెంట్ టీచర్లని తీసుకున్నారు. వాళ్లకి జపనీస్ సున్నా నించి మొదలుపెట్టి, దాదాపు ఒక విద్యాసంవత్సరం భాష, బోధన రెండూ నేర్పి తిరిగి వాళ్ల స్కూళ్లకే పంపారు. వాళ్లు వెళ్లి అక్కడ జపనీస్ మొదలుపెట్టారు. ఇది ఏళ్ల తరబడి బ్యాచ్ వెనక బ్యాచ్‌గా నడిచింది. థాయ్ స్కూలు పిల్లల కోసమే 'అకికో తో తొమొదాచి' అని ఒక టెక్స్ట్‌బుక్ కూడా తయారుచేశారు.

ఇందులో కిటుకు ఏంటంటే ఆ టీచర్ ఆల్రెడీ గవర్నమెంట్ జీతంలో ఉన్నాడు. క్లాసు నడపడం వచ్చు, పిల్లల్ని అదుపు చెయ్యడం వచ్చు, ఊళ్లో ఇల్లుంది, వేరే ఉద్యోగానికి పోయే అవసరం లేదు. భాష ఎన్2 అంత ఉండకపోవచ్చు, కానీ వచ్చినంత చక్కగా చెప్తాడు, ఇరవై ఏళ్లు చెప్తాడు. జపాన్ ఫౌండేషన్ 2021 సర్వే చూడండి, థాయ్‌లాండ్‌లో జపనీస్ నేర్చుకునేవాళ్లు లక్షా 83 వేల పైన, అందులో ఎక్కువమంది స్కూలు పిల్లలే. ఇండియాలో 36 వేలు. జనాభా ఎంత తేడానో మీకు తెలుసు.

#8 మానేరు (కరీంనగర్)

గిదే అన్నా నేను చెప్పేది! ముందు జీతం, కుర్సీ ఉన్న మనిషికి భాష నేర్పిన్రు వాళ్లు. మనమేమో భాష వచ్చిన మనిషికి జీతం, కుర్సీ ఇస్తలేం.

#9 ఢిల్లీ_తెలుగమ్మాయి

సర్వే లెక్కలు వచ్చాయి కాబట్టి ఒక చిన్న మాట, అందులో లెక్కేసేది ఏదో ఒక విద్యాసంస్థలో చేరి నేర్చుకుంటున్నవాళ్లనే, యూట్యూబ్, యాప్‌లలో సొంతంగా నేర్చుకునేవాళ్లు అందులో ఉండరు. అయినా తేడా తేడానే. అదే 2021లో ప్రపంచం మొత్తం మీద 141 దేశాలు, ప్రాంతాల్లో కలిపి దాదాపు 38 లక్షల మంది నేర్చుకుంటున్నారు, టీచర్లు 74 వేల పైచిలుకు. సగటున ఒక టీచర్ మీద 50 మంది. మన సీబీఎస్ఈలో 2006లోనే ఆరో తరగతి నించి జపనీస్ పెట్టుకోవచ్చన్నారు, కానీ స్కూలుకి టీచర్ దొరకాలి కదా, తలుపు తెరిచి ఉన్నా లోపలికి వెళ్లే మనిషి లేడు.

#10 తూరుపుగాలి (వైజాగ్)

అందరికీ చాలా థ్యాంక్స్ అండి, చదువుతుంటే ధైర్యం వస్తోంది. ఇంకో సందేహం. మా సెంటర్ ఓనర్ గారు జపాన్ నించి ఒకర్ని పిలిపిస్తే పేరొస్తుంది, అడ్మిషన్లు పెరుగుతాయి అంటున్నారు. పేరెంట్స్ కూడా ఫోన్ చేసి మీ దగ్గర జపాన్ వాళ్లు చెప్తారా అనే అడుగుతున్నారు. నిజంగా నేటివ్ టీచర్ వస్తే పిల్లలకి అంత లాభమా? అలాగైతే నేను పక్కకి తప్పుకోడానికి కూడా సిద్ధమే.

#11 సైతామా_కోడలు

తప్పుకోకండి అమ్మా! నేను సైతామాలో ఉంటాను, మా వార్డులో విదేశీయులకి వాలంటీర్లు నడిపే నిహొంగో క్లాసుకి మొదట్లో వెళ్లేదాన్ని. చెప్పే పెద్దావిడ దేవత లాంటి మనిషి, ఎంత ఓపికో. కానీ మాట వెనక 'వ' ఎప్పుడు పెట్టాలి 'గ' ఎప్పుడు పెట్టాలి అని అడిగితే పాపం నవ్వి, మేం అలాగే అంటాం అనేది. పుట్టుకతో వచ్చిన భాష ఎలా వచ్చిందో మనిషికి తెలీదు కదా, మనకి తెలుగు ఎలా వచ్చిందో మనం చెప్పగలమా. ఇక్కడి ప్రభుత్వానికి కూడా ఆ సంగతి తెలుసు కాబట్టే 2024 ఏప్రిల్ నించి జపాన్‌లో జపనీస్ చెప్పే టీచర్లకి రిజిస్ట్రేషన్ పద్ధతి తెచ్చారు, జాతీయ పరీక్ష రాయాలి, ప్రాక్టికల్ ట్రైనింగ్ చెయ్యాలి. జపాన్‌లో పుట్టినవాళ్లకే అంత పెడితే, జపనీయులైతే చాలు అని మనం అనుకోవడమేంటి?

జపాన్ ఫౌండేషన్ విదేశాలకి పంపే నిపుణులు కూడా ఎక్కువగా లోకల్ టీచర్లకి ట్రైనింగ్ ఇవ్వడం, సలహాలివ్వడం, సిలబస్ తయారీలో సాయం చెయ్యడం, ఇలాంటి పనికే వెళ్తారు. అలాగే ఆగ్నేయాసియాకి 2014 నించి నిహొంగో పార్ట్‌నర్స్ అని పంపుతున్నారు, వాళ్లు లోకల్ టీచర్ పక్కన అసిస్టెంట్‌గా నిలబడతారు, మాట్లాడి చూపిస్తారు, సంస్కృతి పరిచయం చేస్తారు. క్లాసు నడిపేది లోకల్ టీచరే. మీ ఓనర్ గారికి ఈ మాట చెప్పండి, నేటివ్ మనిషి వస్తే మంచిదే, మీ పక్కన నిలబడాలి, మీ కుర్చీలో కాదు.

#12 నెల్లూరు_నిహొంగో

సైతామా అక్క మాటకి నేను కొంచెం జోడిస్తాను. మన తెలుగు టీచర్‌కి ఉన్న లాభం చాలామందికి తెలీదు. వాక్యంలో క్రియ చివరికి రావడం, విభక్తులు మాట వెనక అతుక్కోవడం, ఇవన్నీ మనకి ఆల్రెడీ ఉన్నవే. ఇంగ్లీష్ మీడియంలో జపనీస్ చెప్తే పిల్లలు ముందు తెలుగుని ఇంగ్లీష్‌లోకి తిప్పి, మళ్లీ జపనీస్‌లోకి తిప్పుతారు, రెండుసార్లు తలకిందులైపోతారు. తెలుగు నించి నేరుగా చెప్తే వాక్యం వరస చాలాచోట్ల కదలనే అక్కర్లేదు.

ఉచ్చారణ కూడా అంతే. హ్రస్వం, దీర్ఘం తేడా మన పిల్లలకి ఉగ్గుపాలతో వచ్చింది, ద్విత్వం వచ్చు, ఇంగ్లీష్ వాళ్లు ఈ రెండిటి దగ్గరే ఏళ్లు కష్టపడతారు. 'త్సు' పలకడం కష్టమంటారు, 'చుక్క' అనేటప్పుడు మన నాలుక ఎక్కడుంటుందో చూడమంటే సగం పని అయిపోతుంది. మనవాళ్లకి కష్టమైనవి వేరే ఉన్నాయి. 'దెస్', 'మస్' చివర ఉకారం మింగెయ్యాల్సిన చోట మనం నిండుగా 'దెసు', 'మసు' అని పలుకుతాం. మాటలో గొంతు ఎక్కడ లేవాలి ఎక్కడ దిగాలి అనేది అసలు పట్టించుకోం. ఇవి తమిళ టీచర్‌కో, జపాన్ టీచర్‌కో కాదు, తెలుగు టీచర్‌కే ముందు తెలుస్తాయి, ఎక్కడ జారుతారో తెలిసినవాడే ముందే చెయ్యి పట్టుకుంటాడు.

#13 కందిరోడ్డు

ఐఐటీ హైదరాబాద్‌లో చదివాను నేను. ఆ క్యాంపస్ కట్టడంలోనే జపాన్ సాయం ఉంది, జపనీస్ క్లాసులు ఉంటాయి, జపాన్‌కి వెళ్లే సీనియర్లు చాలామంది. అలాంటి చోట భాష నేర్చుకోవడం తేలిక. అది చూశాకే నాకు అనిపించింది, సంగారెడ్డి టౌన్లో డిగ్రీ కాలేజీ పిల్లలకి ఆ గాలి ఎందుకు తగలకూడదు అని. ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ) కూడా మన హైదరాబాద్‌లోనే ఉంది, జపనీస్ ఉంది. ఆ రెండు చోట్లా ఉన్నవాళ్లు వేసవి సెలవుల్లో జిల్లా టీచర్లకి వర్క్‌షాప్ పెడితే ఢిల్లీ దాకా పోలేనివాళ్లకి ఎంత ఉపయోగం!

#14 వరంగల్_స్టాఫ్‌నర్స్ (ప్రస్తుతం జపాన్)

నమస్తే, నేను స్టూడెంట్ వైపు నుంచి చెప్త. హైదరాబాద్‌ల నేర్చుకొని ఇక్కడ వృద్ధాశ్రమంల పని చేస్తున్న. పరీక్షలు అన్నీ పాసయ్యే వచ్చిన, ఎన్4 ఉన్నది, కాయ్‌గో (అంటే ముసలోళ్లను చూసుకునుడు) స్కిల్ టెస్ట్, కాయ్‌గో భాష టెస్ట్ రెండూ అయినయి. అయినా మొదటి వారం ఏడ్చిన. ఒక తాతయ్య మోకాలు పట్టుకొని "జుకిజుకి" అంటడు, ఇంకో అవ్వ "చికుచికు" అంటది. రెండూ నొప్పే, కానీ ఒకటి లోపల కొట్టుకున్నట్టు, ఇంకోటి సూది గుచ్చినట్టు. అది తెల్వకపోతే నర్సుకు ఏం రిపోర్ట్ ఇస్తం?

నాకు ఆదుకున్నది ఏందంటే మా టీచర్ ఇవన్నీ ఒక నోట్‌బుక్కుల రాయించిన్రు. అప్పటికే జపాన్ వచ్చిన పాత స్టూడెంట్లకు ఫోన్ చేసి, మీకు అక్కడ ఏ మాట అర్థం కాలేదు అని అడిగి, అవన్నీ తెచ్చి మాకు చెప్పిన్రు. షిఫ్ట్ మారేటప్పుడు చేసే మోషిఓకురి రోజూ మాతోటి చేయించిన్రు, ఒకరు లేచి రాత్రి ఎవరు నిద్రపోలేదు, ఎవరు తినలేదు అని నిమిషంల చెప్పాలె, పక్కోళ్లు రాసుకోవాలె. అది ఏ పరీక్షల లేదు. కానీ నేను ఇక్కడ నిలబడ్డ అంటే దానివల్లనే.

మా టీచర్‌కు ఈ పని ఎవరూ చెప్పలేదు, జీతం పెంచలేదు. సొంత ఫోన్, సొంత టైం. తూరుపుగాలి గారూ, మీ అమ్మాయిల కోసం మీరు రాత్రి నిద్రపోక ఆలోచిస్తున్నరు అంటేనే వాళ్ల అదృష్టం. వాళ్లతోటి మాట్లాడనికి నేను ఆదివారం వీడియో కాల్‌ల వస్త, ఎప్పుడన్నా పిలువండి.

#15 తూరుపుగాలి (వైజాగ్)

కళ్లు చెమర్చాయి అక్కా. తప్పకుండా పిలుస్తాను.

#16 పుస్తకాలపురుగు_గుంటూరు

మెటీరియల్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. మీ బ్యాచ్‌కి 'ఇరోదోరి' మొదలుపెట్టండి, జపాన్ ఫౌండేషన్ వాళ్లు 2020లో తెచ్చారు, జపాన్‌లో బతకడానికి, పని చెయ్యడానికి కావాల్సిన భాష, పీడీఎఫ్, ఆడియో అన్నీ ఉచితం. మూడు పుస్తకాలు, ఒక్కోదాంట్లో 18 పాఠాలు. ప్రతి పాఠం 'నేను ఫలానా పని చెయ్యగలను' అనే లక్ష్యంతో ఉంటుంది. జేఎఫ్‌టీ-బేసిక్ అని జపాన్‌లో పనికి వెళ్లేవాళ్లు రాసే భాష పరీక్షకి కూడా సరిపోతుంది, అది 250 మార్కులకి, 200 వస్తే పాస్, ఫలితం పరీక్ష అయిన వెంటనే స్క్రీన్ మీదే వస్తుంది. పిల్లలు సొంతంగా చేసుకోడానికి 'మినాతో' అనే ఆన్‌లైన్ కోర్సులున్నాయి. టీచర్ల కోసం 'మిన్నా నో క్యోజాయ్' అని సైట్ ఉంది, బొమ్మలు, కార్యకలాపాలు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

మీ చదువు కోసం జపాన్ ఫౌండేషన్ బోధనా పద్ధతుల సిరీస్ ఉంది, 14 పుస్తకాలు, మాట్లాడటం నేర్పడానికి ఒకటి, వినడానికి ఒకటి, పరీక్షలు తయారుచెయ్యడానికి ఒకటి, మీ సొంత క్లాసుని మెరుగుపరుచుకోడానికి ఒకటి. ఎన్2 ఉంది కాబట్టి డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవగలరు. ఆరో పుస్తకం, మాట్లాడించడం మీద ఉన్నది, దాంతో మొదలుపెట్టండి.

#17 నెల్లూరు_నిహొంగో

ఇరోదోరి మంచిదే గానీ ఒక్కదాని మీదే ఆధారపడితే గ్రామర్ పునాది పల్చగా ఉంటుందని నా అనుభవం. ఎన్3, ఎన్2 దాకా వెళ్లాలనుకునే పిల్లలకి మిన్నా నో నిహొంగో లాంటిది పక్కన ఉండాల్సిందే.

#18 పుస్తకాలపురుగు_గుంటూరు

ఒప్పుకోనండి. మిన్నాలో 50 పాఠాలు, ఆర్నెల్లలో పరిగెత్తిస్తే పిల్లలు రూలు చెప్తారు, నోరు మెదపరు. ముందు ఇరోదోరితో నోరు తెరిపించి, గ్రామర్ దాని వెనక చెప్పాలి. వరస ముఖ్యం.

#19 ఢిల్లీ_తెలుగమ్మాయి

ఇద్దరి మాటలోనూ నిజముంది, ఈ బ్యాచ్‌కి మాత్రం నా ఓటు పుస్తకాలపురుగు గారికే. అసలు ఆర్నెల్ల గడువే నాకు మింగుడుపడటం లేదు. ఈపీఏ అనే ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం కింద వియత్నాం నించి వెళ్లే నర్సులకి, కేర్‌గివర్లకి సొంత దేశంలోనే 12 నెలల జపనీస్ ఇచ్చి, ఎన్3 వచ్చాకే పంపుతారు. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ వాళ్లకి అక్కడ ఆర్నెల్లు, జపాన్ వెళ్లాక ఇంకో ఆర్నెల్లు. ఆ ఖర్చు పిల్లల నెత్తిన పడదు. మన అమ్మాయిలేమో అప్పు చేసి, సగం సమయంలో నేర్చుకుంటున్నారు. 2025 ఆగస్టులో రెండు దేశాలూ కలిసి ఐదేళ్లలో ఇండియా నించి 50 వేల మంది నైపుణ్యం ఉన్నవాళ్లు జపాన్ వెళ్లాలని లక్ష్యం పెట్టుకున్నాయి కదా, అంతమందికి భాష చెప్పేది ఎవరు అనేదే నా ప్రశ్న. మనుషుల్ని పంపే ప్లానుతో పాటే టీచర్ల ప్లాను ఉండాలి, టామ్‌కామ్ (తెలంగాణ వాళ్ల విదేశీ ఉద్యోగాల సంస్థ) లాంటి ప్రభుత్వ సంస్థలు నర్సుల బ్యాచ్ మొదలుపెట్టినప్పుడల్లా టీచర్‌ని కూడా నెల జీతం మీద తీసుకుని, ఏడాదికోసారి ట్రైనింగ్‌కి పంపితే చాలు, సగం సమస్య తీరుతుంది.

ట్రైనింగ్ సంగతి ఇంకా ఉంది. చెప్పడంలో కొంత అనుభవం వచ్చాక జపాన్ ఫౌండేషన్ వాళ్ల ఉరావా ఇన్‌స్టిట్యూట్‌కి అప్లై చెయ్యండి, సైతామాలోనే, 1989 నించి నడుస్తోంది, ప్రపంచం నలుమూలల్నించి వచ్చిన జపనీస్ టీచర్లు అక్కడే హాస్టల్లో ఉండి నేర్చుకుంటారు. నెలల తరబడి ఉండే కోర్సులు, కొన్ని వారాల కోర్సులు రెండూ ఉంటాయి. అలాగే సంస్థల తరఫున అప్లై చేస్తే టీచర్ గౌరవ వేతనానికి, పుస్తకాలకి, స్పీచ్ కాంటెస్ట్‌కి గ్రాంట్లు కూడా ఇస్తారు, మీ ఓనర్ గారి చేత రూల్స్ చదివించండి.

దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి మాత్రం. ఉరావాలో నా పక్క గదిలో ఇండోనేషియా టీచర్ ఉండేది. వాళ్ల దగ్గర కరిక్యులమ్ 2013 అనే కొత్త పాఠ్యప్రణాళిక వచ్చాక జపనీస్ నేర్చుకునేవాళ్లు 8 లక్షల 72 వేల నించి 7 లక్షల 45 వేలకి పడిపోయారు. అయినా అంతమంది మిగిలారంటే జిల్లా జిల్లాకీ టీచర్ల బృందాలు ఉండబట్టే అని ఆవిడ నమ్మకం, ఎంజీఎంపీ అంటారు, ఒకే సబ్జెక్టు టీచర్లు కలిసి కూర్చుని పాఠాలు పంచుకుంటారు. మనం కూడా ఇక్కడున్నవాళ్లమే ఒక బెంక్యోకాయ్, అంటే స్టడీ గ్రూప్, పెట్టుకోవచ్చు, నెలకోసారి ఆన్‌లైన్లో, ఒకరు క్యోఆన్ పెడితే మిగతావాళ్లు చూసి చెప్పడం.

#20 మానేరు (కరీంనగర్)

నేను రెడీ. శనివారం రాత్రి పెట్టుకుందాం, బ్యాచ్‌లు అయిపోతయి.

#21 శ్రీసిటీ_ఇంటర్‌ప్రెటర్

నేనూ వస్తా. ఫ్యాక్టరీలో రోజూ వాడే మాటలు, మీటింగులో జపాన్ వాళ్లు ఎలా మాట్లాడతారు అనేది నా వంతు.

#22 తూరుపుగాలి (వైజాగ్)

ఢిల్లీ అక్కా, మీరు చెప్పిన ఎక్స్‌రే గది పాఠం చూసి నేను తే-ఫారంకి క్యోఆన్ రాశాను. క్లుప్తంగా పెడుతున్నా. ముందు ఊపిరి పీల్చడం, వదలడం నేను చేసి చూపిస్తాను, తర్వాత బొమ్మలతో ఇంకో ఎనిమిది క్రియలు నేను చెప్తాను వాళ్లు వెనక అంటారు, తర్వాత టేబుల్, తర్వాత నేను ఒక్కొక్కర్ని లేపి అడుగుతాను, చివర్లో జంటలుగా నర్సు, పేషెంటు సీను. సోమవారం క్లాసు. చూసి చెప్పగలరా?

#23 ఢిల్లీ_తెలుగమ్మాయి

బాగా రాశావు. రెండు మార్పులు చెయ్యి. ఎనిమిది క్రియలు ఎక్కువ, మొదటి నాలుగింటితోనే ఆపు, మిగతావి మంగళవారానికి. ఒక్కొక్కర్ని లేపి అడగడం తీసెయ్యి, ఒకరు నిలబడి మాట్లాడుతుంటే మిగతావాళ్లంతా ఖాళీగా కూర్చుంటారు. ఆ టైమంతా జంటల సీనుకి ఇచ్చెయ్యి, చివర్లో కాదు, మధ్యలోకి తే, టేబుల్ దాని తర్వాత వెయ్యి. నువ్వు బెంచీల మధ్య తిరుగుతూ విను, ఎవరు ఎక్కడ తడబడ్డారో చిన్న కాగితం మీద రాసుకో, ఆ కాగితం శనివారం తీసుకురా.